నల్లగొర్రెలు నెరిసిన ఏడాది

నల్లగొర్రెకు కూడా వెంట్రుక నెరుస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నేను పకపకా నవ్వేదాన్ని. నేను పుట్టింది హొళగుంద పక్క గుట్టల ఊళ్ళో. మా నాయన మందలో ఒక్క తెల్లమచ్చ ఉండేది కాదు. ఏడేళ్ళ వయసు నుంచి ఉన్ని వడికిన చెయ్యి నాది. కళ్ళు మూసుకుని పిడికెడు బొచ్చు పట్టుకుంటే అది మెడదా, వీపుదా, తొడదా అన్నది చెప్పేసేదాన్ని. గొప్పకు చెప్పడం లేదు. గొప్పలు చెప్పుకోవడం కూడా నాకు బాగానే వచ్చు కానీ ఈ సంగతిలో వాటికి చోటు లేదు.

డెబ్బైల చివర్లో నన్ను నందవరం దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. నాతోపాటు మా నాయన పది నల్ల ఆడగొర్రెల్ని అరణంగా తోలాడు. అరణం జీవాలంటే కోడలి సొంతం. వాటి పిల్లలూ ఆమెవే, వాటి బొచ్చూ ఆమెదే. అత్తగారింట్లో నలుగురం: మామ, అత్త, నా మొగుడు, నేను. మంద అరవైకి దగ్గరగా ఉండేది. ఆడవాళ్ళం ఉన్ని వడికితే మామ మగ్గం మీద కంబళి నేసేవాడు. రంగు వెయ్యకుండా, గొర్రె ఒంటి నలుపే ఉన్న కంబళికి ఆదోనిలో గిరాకీ. మామ నేసిన కంబళి అంటే అక్కడి సాయిబు ఒకాయన మడత కూడా విప్పకుండా తీసుకునేవాడు.

మా ఇండ్లలో ఒక కట్టు ఉండేది. కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు, ఆయన మొహంలోకి చూడకూడదు. ఆయన కూడా కోడల్ని ఎదురుగా పలకరించకూడదు. మరి ఒకే ఇంట్లో ఎట్లా బతకడం? మా పంచలో చూరును మోసే గుంజ ఒకటి ఉండేది. ఆయనకు నీళ్ళు కావాలంటే ఆ గుంజను చూసి, "గుంజా, కడవలో నీళ్ళుండాయా?" అనేవాడు. నేను కొంగు ముందుకు లాక్కుని, అదే గుంజను చూసి, "ఉండాయి గుంజా, తెస్తాండా" అనేదాన్ని. కొత్తలో నాకు నవ్వు ఆగేది కాదు. ఒకసారి ఆయన "గుంజా, పప్పులో ఉప్పెక్కువైంది" అంటే, "రేపట్నించి నీకు ఉప్పే ఎయ్యను లే గుంజా" అన్నాను. అత్త నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి పోయింది. మామ నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకుని చుట్ట ముట్టించాడు. మంచివాడు. ఆ ఇంట్లో నన్ను ముందుగా ఇష్టపడింది ఆయనేనని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఊరి కింది వైపు కాలువ పారేది. గట్టు కింద నుంచి నీళ్ళు ఊరి, పల్లంలో నిలిచి, ఆ నేలంతా చౌడు పట్టింది. పైరు పెడితే మాడిపోయేది గానీ గడ్డి మాత్రం మోకాలెత్తు లేచేది. పైరు పండక ఆసామి ఆ పల్లాన్ని వదిలేస్తే మా మామ పోయి మేపుకు అడిగి పట్టాడు. చుట్టుపక్కల నేల నెర్రెలిచ్చిన ఎండల్లో కూడా మా మంద పచ్చికలో మునిగి మేసేది. మిగతా మందలవాళ్ళు కుళ్ళుకున్నారు. "మా జీవాలు దినామూ పెండ్లి బోజనం తింటాండాయప్పా" అని మామ ఊరంతా చెప్పుకున్నాడు.

రెండో ఏడు తొలకరి పడ్డాక, మొదట నా కంటికే కనపడింది. నా అరణం గొర్రె ఒకదానికి కళ్ళ చుట్టూ బూడిదరంగు కట్టింది, ముసలామె కళ్ళజోడు పెట్టుకున్నట్టు. దుమ్మేమోనని కొంగు తడిపి తుడిచాను. పోలేదు. వారం తిరక్కుండానే ఇంకో నాలుగింటికి అట్లాగే అయింది. తర్వాత పొట్ట కింద, తొడల మీద నలుపు తగ్గి తుప్పురంగు వచ్చింది. ఆ తుప్పు కాస్తా బూడిదయింది. అవి ముసలివి కావు, మూడేళ్ళ గొర్రెలు.

బొచ్చు కత్తిరించాక రాట్నం దగ్గర ఇంకో సంగతి తెలిసింది. మంచి ఉన్నికి ఉంగరాల వంపు ఉంటుంది. ఆ వంపే ఒక పోగును ఇంకో పోగుతో పట్టి ఉంచుతుంది. ఈ బొచ్చులో వంపే లేదు, గుర్రం తోకలా నిటారుగా ఉంది. వడుకుతుంటే దారం పుటుక్కున తెగేది. మూరకొక ముడి పడేది.

"ఇన్నేండ్లు నా చేతిలో తెగని బొచ్చు నీ చేతిలో తెగతాందే!" అని అత్త నన్ను పక్కకు జరిపి తాను రాట్నం ముందు కూర్చుంది. ఆమె చేతిలోనూ తెగింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ తెగింది. లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ ఉన్నితోనే నేసిన కంబళ్ళు తీసుకుని మామ, నా మొగుడు ఆదోనికి పోయారు. సాయిబు ఈసారి మడత విప్పాడట. ఎండలోకి తీసుకుపోయి చూశాడట. "ఏం పెద్దాయనా, మీ మందలో అన్నీ ముసలివే మిగిలినాయా? ఇది నెరిసిన బొచ్చు గదా" అన్నాడని నా మొగుడు వచ్చి చెప్పాడు. వెనక్కి తెచ్చిన కంబళ్ళను మామ పంచలో పడేశాడు. ఆ రోజు గుంజతో కూడా మాట్లాడలేదు.

అసలు దెబ్బ దసరా దాటాక తగిలింది. మందలో కొన్ని అప్పుడు ఈనుతాయి, కొన్ని ఉగాది దగ్గర ఈనుతాయి. దసరా ఈత పిల్లలు పుట్టీ పుట్టగానే బాగానే కనపడ్డాయి. కానీ నడవబోతే నడుము ఒక పక్కకు జారేది. ముందుకాళ్ళు నిలబడేవి, వెనక కాళ్ళు కల్లు తాగినవాడి కాళ్ళలా అడ్డదిడ్డంగా పడేవి. రెండు మూడు రోజులకు వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ తల్లి పొదుగు వైపు పాకేవి. వాటిని ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టాను. కళ్ళు తేటగా ఉండేవి, ఆకలి బాగా ఉండేది, కాళ్ళే లేవు. పన్నెండు పిల్లల్లో తొమ్మిది పోయాయి. నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. ఆ కోపం ఎవరి మీదో నాకు తెలిసేది కాదు.

అత్తకు తెలిసింది. "అరణం గొర్రెలు కాలు పెట్టినంక గదా ఇదంతా" అంది. మొదటిసారి నాతో అంది. రెండోసారి బావి దగ్గర నలుగురి ముందు అంది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఊరివాళ్ళు దిష్టి అన్నారు, అమ్మవారికి మొక్కు తీరలేదన్నారు. మామ ఒక పొట్టేలును కోసి మొక్కు తీర్చాడు. మర్నాడే మిగిలిన మూడు పిల్లల్లో ఇంకొకటి నడుము జారింది.

ఆ సాయంత్రం మామ పంచలో కూర్చుని గుంజతో అన్నాడు: "ఉగాది ఈత గూడా ఇట్లే పోతే మందను అమ్మేయల్ల గుంజా. మా తాత నాటి మంద ఇది. అరణం గొర్రెల్ని యెనక్కి తోలేయమంటాండారు ఊరోల్లు. గొర్రెల్ని తోలేసి కోడల్ని పెట్టుకునేది యాడన్నా ఉందా?"

అంటే నన్ను కూడా తోలేయాలన్న మాట ఊళ్ళో నడుస్తోంది. నేను పొయ్యి ముందు కూర్చుని వింటున్నాను.

పుష్యమాసంలో మా చెల్లెలి పురుడని పుట్టింటికి పోయాను. పిల్లను చూడకముందే దొడ్డిలోకి పోయి గొర్రెల్ని చూశాను. నా అరణం గొర్రెల అక్కచెల్లెళ్ళు, అవే తల్లులకు పుట్టినవి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. దిష్టి అయితే సరే, రక్తంలోనే దోషముంటే వీటికి రాదా? పిడికెడు బొచ్చు తీసి అక్కడే వడికాను. బారెడు దారం తెగకుండా వచ్చింది. చెయ్యి నాదే, జాతి అదే. మారింది మేత ఒక్కటే. ఇక్కడివి గుట్ట మీద రేగు కొమ్మలు, తుమ్మకాయలు, ఎర్రగరుసులో మొలిచిన రెండంగుళాల గడ్డి పీక్కుని తింటున్నాయి. అక్కడివి పెళ్ళిభోజనం తింటున్నాయి! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి వడికిన ఉండ ఒకటి, అత్తగారింటి నుంచి సంచిలో తెచ్చుకున్న, తెగి తెగి ముడులు పడిన దారం ఉండ ఒకటి, రెండూ కలిపి కొంగున కట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో మా నాయన ఎమ్మిగనూరు దాకా తోడొచ్చాడు. ఒక గొర్రెను కూడా వెంట తెచ్చాడు. తల్లి చచ్చిపోతే నేను మేకపాలు పట్టి పెంచిన గొర్రె అది. పెద్దదయ్యాక కూడా నా వేళ్ళు మూతి దగ్గర పెడితే చాలు, నోరు తెరిచేది. అప్పటికి చూడితో ఉంది. "అరణం కాదులేమ్మా ఇది. నీకు తోడు" అన్నాడు నాయన. శనక్కాయల లారీలో మూటల మధ్య అది నా ఒళ్ళో తల పెట్టుకుని వచ్చింది.

ఎమ్మిగనూరు పశువుల ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసువాడు. రెండు ఉన్ని ఉండలూ ఆయన బల్ల మీద పెట్టాను. "రెండూ ఒకే తల్లుల పిల్లలయి సార్. ఇది కాలవ గడ్డి తిన్నది, ఇది గుట్ట మీద మేసింది" అన్నాను. ఆయన వాటిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి పోగులు లాగి చూశాడు. పిల్లల నడుముల గురించి అడిగాడు. పల్లంలో నీళ్ళు నిలుస్తాయా, నేల మీద తెల్లగా పొంగుతుందా అని అడిగాడు. అన్నింటికీ అవునన్నాను. ఆయన ఉండలు రెండూ మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"రాగి చాలడం లేదమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. గొర్రె ఒంటికి రవ్వంత రాగి కావాలి, అది మేతలోంచే రావాలి. ఊట నిలిచిన చౌడులో పెరిగే గడ్డిలో ఇంకో లోహం ఎక్కువగా ఉంటుంది. అది రాగిని ఒంటికి పట్టనివ్వదు. గడ్డి ఎంత పచ్చగా ఉన్నా, పొట్ట ఎంత నిండినా లాభం లేదు. రాగి తక్కువైతే ముందు నల్లబొచ్చు రంగు పోతుంది, వంపు పోతుంది. ఆ తర్వాత కడుపులో ఉన్న పిల్లకు వెన్నులో నరాలు సరిగ్గా కట్టవు. నడుము జారిన పిల్లకు మందు లేదు. తల్లి చూడితో ఉన్నప్పుడే పట్టించాలి.

"పరీక్షకు పంపిస్తే నెలలు పడుతుంది. అప్పటికి మీ గొర్రెలు ఈనేస్తాయి. నీ దారం చూసి చెప్తున్నాను, ఈ దారమే నాకు సాక్ష్యం" అన్నాడు.

ఆయన కాగితంలో కట్టిచ్చింది నీలం పలుకులు. చూడగానే గుర్తుపట్టాను, మైలుతుత్తం. అది రాగి నుంచి చేసే ఉప్పేనని డాక్టరు చెప్పాడు. మా నాయన ఏటా వానలు పోయాక కడుపులోని నట్టపురుగులు పడిపోవడానికి జీవాలకు తాపించేది అదే. ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలో, ఒక్కో గొర్రెకు ఎంత పట్టాలో డాక్టరు సీసా మీద కాగితం అంటించి గీత గీసి చూపించాడు. ఇనప గిన్నెలో కలపొద్దన్నాడు. రోజూ ఒక పూటైనా మందను పల్లం నుంచి గరుసు నేల మీదికి తోలమన్నాడు. ఆ తర్వాత నా గొర్రె వైపు చూశాడు. వాకిట్లో మా నాయన దాన్ని తాడుతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, దీనికి ఈ ఏడు మైలుతుత్తం తాపినారా?"

"తాపినా సార్, రెండు తూర్లు" అన్నాడు నాయన.

డాక్టరు నా వైపు తిరిగాడు. "గొర్రెకు రాగి చాలకపోయినా చావే, ఎక్కువైనా చావే. ఎక్కువైంది బయటికి పోదు, కార్జంలో పేరుకుంటుంది. ఒకరోజు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. కాలువ గడ్డి తిన్నవాటికే ఈ మందు. గుట్ట మీది గొర్రెకు చుక్క కూడా పట్టకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్" అన్నాను. నాయన ఇంటిదారి పట్టాడు. ఊరికి పోయే బండి దొరికితే గొర్రెతో సహా ఎక్కాను. దారి పొడుగునా ఆ గీత గీసిన సీసాను రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను.

ఇంట్లో నేను చెప్పిందంతా అత్త విని మామకు చెప్పింది. గుట్ట గొర్రెకు పట్టకూడదన్న మాట ఒక్కటి అప్పుడు చెప్పే పని పడలేదు. మామ నా దారం ఉండలు రెండూ తెప్పించుకుని చూశాడు. మగ్గం మనిషి కదా, ఆయన వేళ్ళకు తేడా తెలిసింది. కానీ కాలువ గడ్డిలో దోషముందని ఒప్పుకోవడం ఆయనకు చేతకాలేదు. ఊరంతా చాటుకున్న పెళ్ళిభోజనం అది. పొద్దున్నే మట్టిముంతలో మందు కలిపి నేను దొడ్డి వైపు పోతుంటే పంచలోంచి ఆయన గొంతు వినిపించింది.

"గుంజా, మందు తెచ్చినోల్లు ముందర వాల్ల జీవానికే పట్టల్ల."

అది మా మందలవాళ్ళలో పాత కట్టు. ఎవరు మందు తెస్తే వాళ్ళ జీవానికే మొదట పట్టాలి. వాళ్ళే నమ్మని మందును ఇంకొకరు ఎట్లా నమ్ముతారు? న్యాయమే. "నా అరణం గొర్రెకు పడతాండా గుంజా" అన్నాను.

"అరణం గొర్రెలు జబ్బుయి. సస్తే జబ్బుతో సచ్చిందంటారు, బతికితే మందుతో బతికిందంటారు. మందులో ఇసముందో లేదో ఎట్లా తెలిసేది? మంచి జీవానికి పట్టల్ల. నిన్న పుట్టినింటినించి వచ్చింది గదా, దానికి పట్టమను. అది మూడు దినాలు నిలిస్తే మందకంతా పట్టొచ్చు. లేదంటే ఆ ముంత దిబ్బలో పోయమను."

అత్త నా మొహంలోకి చూసింది. నా మొగుడు అప్పటికే నా గొర్రెను తాడు పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టాడు.

అప్పుడు నా బుర్రలో ఎన్ని లెక్కలు తిరిగాయో చెబితే సిగ్గు. చెప్పేస్తే ఏమవుతుంది? "ఈ గొర్రెకు ఇది విషం" అన్నానంటే, ఒక గొర్రెకు విషమైనది ఇంకో గొర్రెకు మందెట్లా అవుతుందంటారు. ముంత దిబ్బలోకి పోతుంది. ఉగాది ఈత పోతుంది. మంద పోతుంది. నేనూ పోతాను. ఒక్కసారే కదా, నాయన రెండుసార్లు తాపినా బాగానే ఉంది కదా, ఏమీ కాకపోవచ్చు అని నాకు నేనే చెప్పుకున్నాను. డాక్టరు మొహం గుర్తొచ్చింది. ఆ మొహాన్ని పక్కకు నెట్టేశాను.

దాని మూతి దగ్గర వేళ్ళు పెట్టాను. అది నోరు తెరిచింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. గీత దాకా కొలిచి పోశాను. మింగి, నా చెయ్యి నాకింది.

ఒకరోజు గడిచింది. అది మేసింది, నెమరు వేసింది. రెండో రోజూ మేసింది. నేను మాత్రం అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున మామ దాని చుట్టూ తిరిగి చూసి, "కానియ్ గుంజా" అన్నాడు. ఆ రోజు మందకంతా పట్టాం. మొగుడు పట్టుకుంటే నేను కొలిచి పోశాను, అత్త ఒక్కోదాని నుదుటన ఎర్రమన్ను రాసింది. ఒక్క చుక్క ఎక్కువ పడకుండా, ఒక్క చుక్క తక్కువ కాకుండా పోశాను. సాయంత్రానికి భుజాలు పడిపోయాయి.

ఆ తర్వాత వారానికి నా గొర్రె మేత మానింది. కనురెప్ప లాగి చూశాను. పసుపు. నిలబడిన చోటే మూత్రం పోసింది. ఎర్రమన్ను కలిపిన నీళ్ళలా ఉంది, చూస్తుండగానే నల్లబడింది. రోజంతా దాని పక్కనే కూర్చున్నాను. వేళ్ళు మూతి దగ్గర పెడితే తల తిప్పుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి పోయింది, కడుపులో పిల్లతో సహా.

ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. అత్త పంచలో కూలబడి, "మందకంతా అదే గదే పోసినావు! నీ చేత్తోనే గదే పోసినావు!" అని నెత్తి కొట్టుకుంది. ఊరివాళ్ళు వచ్చి మందను చూసి నాలుక చప్పరించి పోయారు, శవం లేచే ఇంటికి వచ్చినట్టు. నా మొగుడు నాతో మాట మానేశాడు. మామ గుంజ వైపు కూడా చూడలేదు.

మిగతావాటికి ఏమీ కాదని ఆ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. అదైనా డాక్టరు మాట మీద నమ్మకమే, కళ్ళారా చూసింది కాదు. ఆ మాట చెప్పి వాళ్ళ భయం తీర్చవచ్చు. చెబితే, తెలిసీ ఎందుకు పట్టావని అడుగుతారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకున్నాను. రోజూ తెల్లవారకముందే దొడ్డిలోకి పోయి నేల చూసేదాన్ని, ఎక్కడైనా ఎర్ర తడి ఉందా అని. నేను పోయేసరికి అత్త అక్కడే ఉండేది, కనురెప్పలు ఒక్కోటే లాగి చూస్తూ. అరవై గొర్రెలు, నూట ఇరవై కళ్ళు. ఒక్కటీ పసుపెక్కలేదు. నా మొగుడు నాతో మాట్లాడకపోయినా, డాక్టరు చెప్పినట్టు మందను రోజూ ఒక పూట గరుసు నేల మీదికి, తుమ్మచెట్ల కిందికి తోలడం మొదలుపెట్టాడు. అది నేను అడిగింది కాదు.

ఉగాది ఇంకా పది రోజులుందనగా మొదటి గొర్రె ఈనింది. అత్త పిల్లను తుడిచి నేల మీద పెట్టింది. మామ దొడ్డికి వీపు పెట్టి నిలబడ్డాడు, చూడలేక. పిల్ల ముందుకాళ్ళ మీద లేచింది. వెనక కాళ్ళు వణికాయి, పడింది. అత్త చెయ్యి నా మణికట్టును పట్టుకుంది, గోళ్ళు దిగేట్టు. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. ఏ పిల్లయినా అట్లాగే పడుతుందని మా ఇద్దరికీ తెలుసు, అయినా ఆమె నా చెయ్యి వదల్లేదు. మూడోసారి నాలుగు కాళ్ళ మీదా నిలబడి, తోక ఊపుకుంటూ పొదుగు వెతుక్కుంది. ఆ మర్నాడు కూడా నడిచింది. మూడో రోజు గెంతింది. ఆ ఈతలో పద్నాలుగు పిల్లలు పుడితే నడుము జారింది ఒక్కటే. అత్త నా మణికట్టు మీద తన గోళ్ళ గుర్తులకు వెన్న రాసింది. క్షమించమనడం ఆమెకు అట్లాగే వచ్చు.

వేసవిలో బొచ్చు కత్తిరించినప్పుడు కొసలన్నీ బూడిద, మొదళ్ళన్నీ నలుపు. మందు పడ్డ రోజు ఎక్కడుందో ప్రతి పోగులోనూ కనపడుతోంది. మామ ఆ నలుపును వేలితో తడిమి, పాత మంచి ఉన్నితో నేసి దాచుకున్న నల్లకంబళి ఒకటి తీసి భుజాన వేసుకుని, డాక్టరుకు ఇచ్చి వస్తానని ఎమ్మిగనూరు పోయాడు.

దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కోలేదు. పంచలో గుంజ ఎదురుగా కూర్చుని అన్నాడు.

"గుంజా, ఆ సచ్చిన గొర్రెకు చుక్క గూడా పట్టగూడదని డాక్టరు సెప్పినాడంట. నిజమేనా?"

నేను గడప దగ్గర ఉన్నాను. కొంగు లాక్కోలేదు. గుంజను చూడలేదు. పంచలోకి వచ్చి, పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన మొహంలోకి చూశాను. ముసలివాడైపోయాడు, గడ్డమంతా నెరిసింది.

"నిజమే మామా. సెప్పినాడు" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. లోపల అత్త చేతిలో చెంబు కింద పడింది. ఆయన కళ్ళు దించుకుంటాడనుకున్నాను, దించుకోలేదు.

"నాతో సెప్పగూడదు, సరే. ఈ గుంజకన్నా సెప్పలేకపోయినావా తల్లీ? నేనేమన్నా రాయినా?"

ఎన్నో ఏళ్ళు నేను ఆ కట్టునే తిట్టుకున్నాను. నోరుండీ మూగదాన్ని చేసిన కట్టు అని చుట్టాలందరితో వాదించాను. నా కోడళ్ళను ఇంట్లో అడుగుపెట్టిన రోజే మామతో నేరుగా మాట్లాడించాను. ఆ గొర్రె ఏమైందని మా నాయన అడిగితే బావిలో పడిందని అబద్ధం చెప్పాను. ఆయన పోయేదాకా అదే నమ్మాడు.

కానీ ఆ సాయంత్రం మామ అడిగిందానికి జవాబు నాకు అప్పుడే తెలుసు. మందు పట్టిన ఆ పొద్దున గుంజ ఉంది, పక్కనే అత్త ఉంది, తాడు పట్టుకుని మొగుడు ఉన్నాడు. నా నోరు కట్టింది కట్టు కాదు. చెబితే నా మందును ఒలకపోస్తారని భయం. నా మాటే గెలవాలన్న పంతం. అందుకు నా చేతి పాలు తాగి పెరిగినదాన్ని నా చేత్తోనే చంపుకున్నాను.

"సెప్పుండచ్చు మామా. నేనే సెప్పలేదు" అన్నాను.